ఊరికే అమ్మిన కారు

మా ఇంట్లో కొత్తగా బిగించిన సీలింగ్ ఫ్యాను చప్పుడు చెయ్యడం లేదు. ఇది ఫిర్యాదే. పాత ఫ్యాను తిరిగినన్నాళ్ళూ కిర్రుమంటూ, మధ్యలో దగ్గొచ్చినట్టు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకునేది. దాని ఆరోగ్యం ఎలా ఉందో మంచం మీద పడుకునే తెలిసిపోయేది. ఈ కొత్తది గాలి మాత్రమే ఇస్తోంది, సమాచారం ఏమీ ఇవ్వడం లేదు. లోపల ఏం జరుగుతోందో తెలియని వస్తువు కింద మనిషి ఎలా నిద్రపోతాడు? షాపు నుంచి వచ్చిన మెకానిక్‌తో ఈ మాటే అన్నాను. ఆయన ఫ్యాను వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఇద్దరిలో ఎవరిని బాగుచెయ్యాలో తేల్చుకోలేక మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మా కోడలు లోపల నవ్వుకుంది. నవ్వుకోనీ. ఇది నాకు మా నాన్న నుంచి వచ్చిన గుణం. ఆయనకి బాగా నడిచే యంత్రమంటే అనుమానం. ఆ అనుమానంతో ఆయన ఒక కారుని పోగొట్టుకున్నాడు. ఇంకాస్త ఉంటే ఒక మనిషిని కూడా పోగొట్టుకునేవాడు.

అప్పుడు మేం బెంగాల్లోని ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో చార్జిమన్. అంటే మేస్త్రీల తప్పులు పైవాళ్ళకీ, పైవాళ్ళ తిట్లు మేస్త్రీలకీ నష్టం లేకుండా చేరవేసే ఉద్యోగం. ఆవిరింజన్లు ఇంకా బతికున్న రోజులవి. వర్క్‌షాపు పద్ధతి ఏమిటంటే, గడువు రాగానే ఇంజను బాగున్నా బాగులేకున్నా లోపలికి తోలుకొచ్చి, చక్రాల దగ్గర నుంచి కూత దాకా పూర్తిగా విప్పేసి, కడిగి, కొలిచి, మళ్ళీ బిగించి పంపాలి. అక్కడ ఎవరూ ఇంజనుని "ఎలా ఉన్నావు?" అని అడగరు. జీవితమంతా ఆ పని చేసిన మనిషికి, విప్పకుండానే బాగున్న వస్తువంటే దొంగలెక్కలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

నాన్నకి చుట్టాలు ఎక్కువ, స్నేహితుడు ఒక్కడే. ఆయన్ని మేం మావయ్య అనేవాళ్ళం. వరసకి చుట్టం కాదు, కులానికీ మతానికీ అసలే కాదు. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, మేం గుడికి. కానీ నాన్నా ఆయనా ఒకే ఏడు అప్రెంటిసులుగా చేరి, ఒకే గదిలో ఒండుకు తిన్నారట. అప్పటి నుంచి ఒకరికొకరు బావ. నాన్న చార్జిమన్ అయ్యాడు, మావయ్య లేతు దగ్గరే ఉండిపోయాడు. ఇనుము తరిగే ఆ మిషను మీద ఆయన చెయ్యి పడితే కొలత తప్పదని పేరు. షిఫ్టు దిగాక రోజూ మా అరుగు మీద బెంచీకి ఆ చివర మావయ్య, ఈ చివర నాన్న కూర్చుని టీ తాగుతూ రోడ్డుని చూసేవాళ్ళు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. మావయ్య రాని సాయంత్రం మాత్రం నాన్న లేచి లేచి కూర్చునేవాడు.

మావయ్యకి ఒక పాత నల్లకారు ఉండేది. దేశం వదిలి వెళ్ళిపోయిన ఓ ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర కొన్నది. ఏ కంపెనీదో చెప్పను, ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. స్కూటరు వెళ్తేనే వెనక్కి తిరిగి చూసే వీధిలో అది జమీందారులా తిరిగేది. ఒకరోజు మావయ్య ఆ కారు నాన్నని తీసుకోమన్నాడు.

"ఎందుకమ్మీస్తున్నావు బావా?" అన్నాడు నాన్న.

"ఊరికే."

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎవరూ ఏ పనీ ఊరికే చెయ్యరు. ఆ మాట నాన్న చెవిలో ఇసకరేణువులా పడింది. అయినా కారు కొన్నాడు. ఆశ ఒకవైపు, అనుమానం ఒకవైపు కూర్చుని ఆయన్ని ఇంటిదాకా తోలుకొచ్చాయి.

మొదటి నెల కారు ఏ ఇబ్బందీ పెట్టలేదు. అదే ఇబ్బంది అయింది. పొద్దున్న తాళం తిప్పగానే ఒక్క దెబ్బకి స్టార్టయ్యేది. నాన్న ఆపి, మళ్ళీ తిప్పేవాడు. మళ్ళీ అయ్యేది. నూనె కారుతుందేమోనని కింద పరిచిన పాత న్యూస్‌పేపరు, వార్తలు చదువుకునేంత శుభ్రంగా ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా వినేవాడు. "ఏటి వినిపిస్తున్నాది?" అని అమ్మ అడిగితే, "ఏటీ లేదు. ఏదో దాస్తున్నాది," అనేవాడు. నేను అప్పుడు కాలేజీలో తర్కశాస్త్రం చదువుతున్నాను. నాన్న తర్కం మాత్రం మా పుస్తకంలో లేదు. లోపం కనిపిస్తే లోపం ఉన్నట్టు, కనిపించకపోతే పెద్ద లోపం ఉన్నట్టు.

పక్క క్వార్టర్లో ఎకౌంట్స్ ఆఫీసు బెంగాలీ దాదా ఒకాయన ఉండేవాడు. ఆయన ఓ సాయంత్రం కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, గొడుగు మొనతో టైరు పొడిచి, "కిఛు ఏక్‌టా ఆఛే, మోశాయ్" అన్నాడు. ఏదో ఒకటి ఉంది మహాశయా, అని. ఏమిటో మాత్రం చెప్పలేదు. ఆ మాటే ఆయన వీధి చివర మా నాన్నకి కారు కొనే స్తోమత ఎక్కడిదన్న విషయంలో కూడా అన్నాడని తరవాత తెలిసింది.

ఏదో ఒకటి ఉన్నమాట నిజమే. అది అమ్మకీ నాకూ తెలుసు. ఒక మధ్యాహ్నం అత్తయ్య, అంటే మావయ్య భార్య, మా వంటింట్లో పీట మీద కూర్చుని చెప్పింది. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని ఉన్నాను.

"వదినా, మీ అన్నయ్యకి సీకటి పడితే కళ్ళు ఆనడం లేదు. మొన్న గోల్‌బజార్‌లో రిక్షావోడి మీదికి ఎక్కించీబోయినారు. అందుకే బండి అమ్మీసినారు. ఎవరికీ సెప్పకు, నా మీదొట్టు."

"మా ఇంట్లో ఈయనకి సెప్పుకోవచ్చు కదా, వదినా?"

"అన్నయ్య చార్జిమన్ కదా, తెలిస్తే పైవోళ్ళకి రాయకుండా ఉంటారేటి? రాస్తే ఈయన్ని లేతు మీంచి దించీసి ఏ గేటు దగ్గరో కూకోబెడతారు. రాయకపోతే రేపు అన్నయ్య ఉజ్జోగానికే మాటొస్తాది. ఆ బరువు బావ నెత్తినెందుకెట్టడం, ఊరుకో అన్నారు."

అంటే మావయ్య నాన్నని కాపాడ్డానికి నోరు మూసుకున్నాడు. ఆ నోరు మూసుకోవడాన్నే నాన్న అనుమానిస్తున్నాడు. మధ్యలో అమ్మ, అటు ఒట్టు తప్పలేక, ఇటు చూస్తూ ఊరుకోలేక, బియ్యంలో లేని రాళ్ళు కూడా ఏరేది. ఆవిడ భయం కారు గురించి కాదు. అరుగు మీద బెంచీ గురించి.

"బండి నడుస్తున్నాది కదా?" అనేది నాన్నతో.

"నడుస్తున్నాది. అదే నా అనుమానం."

చివరికి ఒక ఆదివారం, వేపచెట్టు కింద గోనెపట్టాలు పరిచి, నాన్న కారుని విప్పేశాడు. సాయానికి వర్క్‌షాపు నుంచి తోటివాళ్ళ దండు వచ్చింది. అందరికీ ఇంజన్ల మీద పనిచేసిన అనుభవమే, కారు లోపల చూడటం అందరికీ మొదటిసారే. వాళ్ళలో ముఖ్యుడు మా పెదనాన్న, బాయిలర్ షాపు మనిషి. ఆవిరి కారకుండా పైపుల జాయింట్లకి జనపనార చుట్టి, తెల్లసీసం పూసి బిగించడం ఆయన విద్య. కారు పెట్రోలు గొట్టం జాయింటు చూసి ఆయన నిర్ఘాంతపోయాడు.

"ఒరే, ఇదేట్రా? ప్యాకింగే లేదు! మొండిగా ఒగ్గీసినారు!"

చొక్కా లేకుండా పెళ్ళికొచ్చినవాణ్ణి చూసినట్టు ఆ గొట్టాన్ని చూసి, జేబులోంచి నార తీసి, శ్రద్ధగా చుట్టి, సీసం పూసి బిగించాడు. మిగతావాళ్ళు కూడా ఎవరి విద్య వాళ్ళు ప్రదర్శించారు.

చర్చి నుంచి తెల్లచొక్కాతో నేరుగా వచ్చిన మావయ్య తన చివర బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా గోనెపట్టాల మీద ఆయన కారు పేగులతో సహా ఆరబోసి ఉంది. అమ్మ ఇచ్చిన టీ చల్లారిపోయింది.

"ఏటెతుకుతున్నావు బావా?"

నాన్న తల ఎత్తకుండా, "ఊరికే" అన్నాడు.

ఆ రోజు తరవాత కారు నాన్న కోరుకున్నట్టే తయారైంది. ఒకరోజు కదిలేది కాదు, ఒకరోజు కదిలితే ఆగేది కాదు. తలుపు తీస్తే హారన్ మోగేది. పాడైన వ్యాగన్లని విడిగా నిలబెట్టే పట్టాలని రైల్వేలో సిక్‌లైన్ అంటారు. మా వేపచెట్టు నీడకి వీధంతా ఆ పేరు పెట్టేసింది. వింత ఏమిటంటే, నాన్న ముఖంలో చాన్నాళ్ళకి వెలుగొచ్చింది. కొత్త జబ్బు బయటపడ్డ ప్రతిసారీ, "సెప్పినానా! ముందు నుంచీ ఉన్నాదిది," అనేవాడు. వెతుకుతున్న దొంగ దొరికిన పోలీసు సంతోషం అది. దొంగ పేరు మాత్రం పైకి అనేవాడు కాదు. బెంచీకి రెండో చివర చూసేవాడు, అంతే.

మావయ్యకి చూపు తగ్గి ఉండొచ్చు గానీ, ఆ చూపు మాత్రం కనిపించింది. మొదట టీ సగంలో వదిలేసి లేచేవాడు. తరవాత కూర్చోకుండా నిలబడే మాట్లాడేవాడు. ఆ తరవాత రోడ్డు మీంచే చెయ్యెత్తి వెళ్ళిపోయేవాడు. నాన్న లేచి లేచి కూర్చునేవాడు. "తప్పు సేసినోడు మొహం సాటేస్తాడు," అనేవాడు, ఎవరూ అడక్కుండానే.

ఇంతలో అత్తయ్య మళ్ళీ వచ్చింది. పక్కనే ఉన్న మేదినీపూర్‌కి కలకత్తా నుంచి కళ్ళ డాక్టరు వస్తున్నాడట. రైల్వే ఆస్పత్రిలో చూపిస్తే సాయంత్రానికి వర్క్‌షాపంతా తెలిసిపోతుంది, మేదినీపూర్ అయితే గుట్టుగా అయిపోతుంది. మావయ్య బస్సెక్కి దిగలేడు, రైల్లో అయితే అందరూ తెలిసినవాళ్ళే. అమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, వదినకి మేదినీపూర్‌లో పనుంది, మావయ్యతో సహా కార్లో దించి రావాలని చెప్పింది. నాన్న ఒప్పుకున్నాడు. ట్రయల్ రన్ అన్న మాట ఆయనకి ఇష్టం. పైగా మావయ్యని పక్కనే కూర్చోబెట్టుకుని ఆ కారు బుద్ధి చూపించే అవకాశం.

బయల్దేరాం. ముందు నాన్నా మావయ్యా, వెనక మేం ముగ్గురం. ఎవరూ మాట్లాడటం లేదు. కారు ఒక్కటే మాట్లాడుతోంది. కాసాయి నది వంతెన ఇవతల అది కూడా రెండుసార్లు గుటకలు మింగి, నోరు మూసేసింది.

నాన్న బానెట్ ఎత్తలేదు. తీరిగ్గా మావయ్య వైపు తిరిగాడు. "ఇప్పుడు సెప్పు బావా. ఇది నీకు ముందే తెలుసు కదా?"

"ఏది?"

"తెలీకపోతే ఎందుకమ్మినావు? నడిచే బండిని ఊరికే అమ్మీసినోణ్ణి నా సర్వీసులో సూడ్లేదు."

మావయ్య నదిలో ఇసక వైపు చూస్తున్నాడు, లేక ఆ వైపు తల తిప్పి ఉన్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తయ్య తట్టుకోలేకపోయింది.

"కళ్ళు ఆనక అమ్మినారన్నయ్యా! ఇప్పుడెల్తున్నది కళ్ళ డాక్టరు దగ్గరికే. నాకేటి పనున్నాది మేదినీపూర్‌లో, గాడిదగుడ్డు? మీకు సెప్తే మీరు రాయాల. రాయకపోతే మీ మీదికొస్తాది. అందుకని ఈయన మింగుకు కూకున్నారు. మీరు సూస్తే నడిరోడ్డు మీద కోర్టెట్టినారు. డాక్టరు ఎల్లిపోతాడు, ముందు బండి కదపండి!"

నాన్న కారు దిగాడు. బానెట్ ఎత్తి దాని వెనక చాలాసేపు ఉండిపోయాడు. అంతసేపు దేనికో నాకు తెలుసు, అందుకే కాసేపాగి దిగాను. పెట్రోలు గొట్టం ఊడదీసి నోటితో ఊదుతున్నాడు. గొట్టం చివర్నుంచి సన్నటి పోగు ఒకటి బయటికొచ్చింది. వేళ్ళతో పట్టుకుని లాగితే వస్తూనే ఉంది. జనపనార. దానికి తెల్లసీసం ఇంకా అంటుకునే ఉంది. నాన్న దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుని, ఇంకెవరి చేతిపనైనా కనిపిస్తుందేమోనని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొట్టం బిగించాడు, ఈసారి మొండిగానే. కారు ఒక్క దెబ్బకి స్టార్టయింది. ఎవరూ మెచ్చుకోలేదు.

డాక్టరు దొరికాడు. మావయ్య కంట్లో పొర ఉందన్నాడు, తీసేశాడు, సోడాబుడ్డి అద్దాలిచ్చాడు. మావయ్య లేతు ఇంకా కొన్నేళ్ళు తిరిగింది. నాన్న ఎక్కడా ఏమీ రాయలేదు. వానలు ముగిశాక కారుని నాన్నే అమ్మేశాడు. ఎందుకమ్ముతున్నారని అడిగినాయనకి ఎన్ని కారణాలు చెప్పాడంటే, ఆయన భయపడి మళ్ళీ ఆలోచించుకుంటానని వెళ్ళిపోయాడు. తరవాతొచ్చిన మనిషి ఏమీ అడక్కుండా కొన్నాడు. ఆవిరింజన్లు పోయాయి, బెంచీ మీద కూర్చునేవాళ్ళూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. కాలం చాలావాటిని విప్పి, కడిగి, ఎక్కడివక్కడ బిగించేస్తుంది, నా జ్ఞాపకంలో ఆ వంతెన మీద ప్రయాణం ఒక్కటే ఇంకా విడిగా పడుంది.

ఆ రోజు కారు వంతెన మధ్యకి వచ్చాక నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు, "నాకొక్క మాట సెప్తే పోయేది కదా, బావా."

"సెప్తే నమ్మేవోడివేటి నువ్వు?" అన్నాడు మావయ్య.