పాతర అంచున నన్ను ఆపిన చెయ్యి

మా తమ్ముడు శీను పాతరలో పడ్డాడని నాకు మొదట చెప్పింది మా షూటింగులో మేకప్ వేసే లక్ష్మి. "అక్కా, పరిగెత్తు! వాడు పలకట్లేదు!" అంది.

దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. బడి ముఖం చూడనిదాన్ని, మా నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. అందుకే ఇలాంటి కథలు చెబుతావని కొందరు ఎగతాళి చేస్తారు. చేసుకోనివ్వండి.

నేను సినిమాలకు దుస్తులు కుడతాను. పోయిన ఏడాది ఫిల్మ్ నగర్ నుంచి మా యూనిట్ పసుపు పండించే ఒక చిన్న ఊరికి వెళ్ళింది. వింత ఊరది. ఏడాదికొక రోజు అక్కడ ఎవరూ పొయ్యి వెలిగించరు. తలుపులు తెరిచిపెట్టి, అందరూ పొలాలకు వెళ్ళిపోయి, పొద్దు గూకాకే తిరిగొస్తారు. మైకులో బయటి గోల పడదని మావాళ్ళు ఊరి పెద్దల్ని అడిగి సరిగ్గా ఆ రోజే షూటింగ్ పెట్టుకున్నారు. ఏ ఇంట్లో ఏముందో చెప్పే మనిషే ఉండడని ఎవరికీ తట్టలేదు.

శీనుది మైకు పట్టే పని. ఒక పెంకుటింటి వాకిట్లో వెనక్కి నడుస్తూ పుచ్చిన చెక్క మూత మీద కాలు వేశాడు. దాని కింద పాతర, వెనకటికి జొన్నలు దాచుకున్న లోతైన గొయ్యి. నేను వెళ్ళేసరికి అడుగున వాడి చొక్కా ఒక్కటే కనిపిస్తోంది.

కొంగు బిగించి దిగబోయాను. వెనక నుంచి ఎవరో నా జబ్బ పట్టుకున్నారు. గరుకు చెయ్యి, ముసలామె గొంతు.

"జర ఆగు బిడ్డా. గాడ గాలి మంచిగ లేదు. దిగితే ఇద్దరూ పోతరు. గాలి కొట్టుండ్రి, గాలి!"

"సరే అవ్వా" అన్నాను. తుఫాను సీన్లకు వాడే పెద్ద ఫ్యాన్ తెమ్మని అరిచాను. టార్పాలిన్‌ను గొట్టంలా చుట్టి లోపలికి గాలి పంపారు. తర్వాత లైట్‌మన్ ఒకతను తాడు కట్టుకుని దిగి, వాణ్ణి పైకి తెచ్చాడు. వాడు దగ్గాడు. దేవుడా, అంత మంచి చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు.

వెనక్కి తిరిగితే అవ్వ లేదు.

"ఏ అవ్వ? నీ వెనక ఉన్నది నేనొక్కదాన్నే కదా" అంది లక్ష్మి.

సాయంత్రం ఇంటాయన వచ్చాడు. జరిగింది విని అక్కడే కూలబడ్డాడు. "మా అవ్వ మల్లవ్వ గిట్లనే పోయిందమ్మా. మా నాయన గిండ్ల పడితే తియ్యనీకె దిగింది. ఆగుమని చెప్పెటోళ్లు ఎవ్వలు లేకపాయిరి."

వారం తర్వాత ఫిల్మ్ నగర్‌లో ఆ రికార్డింగు విన్నాను. శీను చేతిలోంచి జారిన మైకు పాతర పక్కనే పడి అంతా పట్టింది. నా ఏడుపు ఉంది. తర్వాత లక్ష్మి రొప్పు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత నా గొంతు, "సరే అవ్వా" అని.

కృష్ణానగర్‌లో మా వీధివాళ్ళు తాయెత్తు కట్టించుకోమని వెంటపడ్డారు. "దెయ్యం తాకిందే నిన్ను!" అన్నారు. తాకితే తాకింది, మా వాణ్ణి నాకిచ్చింది, విదిలించుకోను పొమ్మన్నాను.

అదేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. ఆమెను దెయ్యమంటే మాత్రం ఊరుకోను. బతికున్నప్పుడు తనకు ఎవరూ చెప్పని మాట వచ్చి నాకు చెప్పిన తల్లి ఆమె. ఈసారి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒక్కసారి తలచుకోండి. పేరు మల్లవ్వ.