గుండు టోపీలు, జుట్టు కొలతలు

తిరుపతిలో పుట్టి పెరిగి కూడా గుండు ఎలా ఉంటుందో తెలియని మనిషి ఎవరైనా ఉన్నారంటే అది నేనే. అదీ, గుండు టోపీలు కుట్టి నిలదొక్కుకుందామనుకున్నదాన్ని!

కొండ మీద తలనీలాలిచ్చి దిగేవాళ్ళకు ఎండ తగలకుండా పెట్టుకునే గుడ్డ టోపీలవి. నేను అంతకు ముందు ఒక ప్రైవేటు బళ్ళో టీచర్ని. బాబు పుట్టాక మానేసి, మా అత్త పాత కుట్టుమిషన్ దుమ్ము దులిపాను. మా ఆయనతో ఒప్పందం ఒకటే: వేసవి సెలవులు అయ్యేలోపు ఈ పని నిలబడితే సరి, లేదంటే జూన్‌లో నేను మళ్ళీ బడికి, మూడేళ్ళు నిండని వాడు ఏ బేబీకేర్‌కో. ఆ మాట తలచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు. వాడికేమో మిషనంటే పగ. నేను తొక్కడం మొదలుపెడితే చాలు, కొంగు పట్టుకుని లాగేవాడు.

మే నెలలో పలమనేరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. "ముగ్గురు పిల్లోళ్ళకు పుట్టెంట్రుకలు తీపిస్తాండాం మా. పెద్దోళ్ళం గూడా మొక్కుకున్నాం. అందరికీ ఒకే రంగు టోపీలు కావాల, ఇరవై ఎనిమిది. బాగుంటే మా సుట్టాలందరికీ నీ పేరే సెప్తా." నేను ఫోన్ పెట్టేసి, ఏడేళ్ళ మా పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పేశాను. గంధం మరక కనపడకూడదని పసుపు గుడ్డ తెచ్చాను. అప్పటిదాకా కుట్టినవన్నీ పసిపిల్లల టోపీలు, గడ్డం కింద నాడా ముడేస్తే ఏ తలకైనా ఆగేవి. ఇవి నాడాల్లేని గుండ్రటి టోపీలు. చిన్నవాటికి నా పిల్లల తలలే కొలిచాను, పెద్దవాటికి మా ఆయన తల.

ఇరవై ఎనిమిదీ పూర్తయిన రోజు పొద్దున, ఎదురింటి అన్న కొండ నుంచి గుండుతో దిగాడు. గర్వంగా ఒక టోపీ తెచ్చి అన్న నెత్తిన పెట్టాను. అది జర్రున జారి ముక్కు మీద ఆగింది.

"యాడుండారమ్మా మీరంతా? నాకేం కనపళ్ళేదే!" అన్నాడా అన్న.

మా అత్త గడపలో కూలబడి నవ్వింది. "గుండుకు కుట్టమంటే జుట్టుకు కుట్టినావే మే!"

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. మూడో ఏట ఇస్తామని మొక్కుకున్నందుకు మావాడి జుట్టుకు ఇంతవరకు కత్తెర తగల్లేదు, పొదలా ఉంది. పాపకు రెండు జడలు. మా ఆయన ఉంగరాల జుట్టు సంగతి చెప్పక్కర్లేదు. అవన్నీ కలిపి కొలిచాను! పలమనేరు వాళ్ళు తిరుపతిలో దిగేది మర్నాడు పొద్దునే.

అప్పుడు పాపే అంది, "అమ్మా, బస్టాండ్ నిండా గుండ్లే గదా!"

అంతే. టేపు మెడలో వేసుకుని, బాబును చంకనెత్తుకుని, పాప చేతికి నోటుపుస్తకమిచ్చి ఆటో ఎక్కాను. కొండ బస్సు దిగిన ప్రతి గుండు వెనకా పరుగే. ఒక తల్లి నన్ను చూసి పిల్లను వెనక్కి లాక్కుంది. కుప్పం పెద్దాయన ఒకాయన మాత్రం తువ్వాలు తీసి తల వంచాడు. "ముందు నాది కొలువు తల్లీ, ఈడ ఇంకేం పనుండాది నాకు?" ఆయన్ని చూసి మిగతావాళ్ళూ వరస కట్టారు. నేను అంకె అరుస్తుంటే పాప రాసుకుంది. మావాడు ప్రతి తలనూ తట్టి "గుండూ!" అని కేకేశాడు. అరగంటలో ఇరవై మూడు తలలు! ఇంకే ఊళ్ళో దొరుకుతాయి చెప్పండి?

వచ్చేటప్పుడు మార్కెట్లో టేపుతో కొలిచి మరీ ఒక పుచ్చకాయ, ఒక కర్బూజా కొన్నాను. ఒకటి పెద్దతల, ఒకటి చిన్నతల. అమ్మేవాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఇంటికొచ్చి ప్రతి టోపీకీ వెనక కుట్టు విప్పి, ఎలాస్టిక్ దూర్చి, మళ్ళీ కుట్టాను. మా అత్త ఎలాస్టిక్ కత్తిరించింది, పాప పిన్నీసుతో దూర్చింది. మావాడికి కాయలు రెండూ అప్పగించాం. ప్రతి టోపీ దానికి సరిపడే కాయకు తొడిగి, వెనక ఎలాస్టిక్ లాగి వదిలి, "ఆగింది!" అని తీర్పు చెప్పేవాడు. ఆ రోజంతా కొంగు లాగనే లేదు. దీపాల వేళకు పని అయిపోయింది.

మర్నాడు టోపీలు ఇచ్చేశాను. కొండెక్కినవాళ్ళ నుంచి రెండు రోజులు ఫోన్ లేదు. మూడోరోజు వాళ్ళు పలమనేరు బస్సెక్కే వేళకు ఉండబట్టలేక పిల్లల్ని తీసుకుని బస్టాండ్‌కు వెళ్ళి, ఒక స్తంభం చాటున నిలబడ్డాను.

ముందు పాప చూసింది. తర్వాత నేను. పసుపు టోపీలు! ముసలాయన, నడివయసు ఆడవాళ్ళు, చంకలో పసివాడు, ఇరవై ఎనిమిది తలలు, ఒక్కటీ జారలేదు. ఒక పిల్ల పరుగెత్తుతోంది, అయినా టోపీ కదల్లేదు.

"అమ్మా, మన టోపీలూ!" అని మావాడు నా చెయ్యి విడిపించుకుని ఉరికాడు. బెంచీ మీద కూర్చున్న వాళ్ళ అవ్వ వెనక చేరి ఎలాస్టిక్ లాగి వదిలాడు. "ఆగింది!" అన్నాడు. ఆవిడ ఉలిక్కిపడి, తిరిగి చూసి, పకపకా నవ్వింది. ఫోన్ చేసినామె నన్ను చూసి చెయ్యూపింది. "మా సిన్నాయనోళ్ళకు ఇంకో నలభై కావాలంట మా!"

మిషనంటే పగబట్టిన నా కొడుకు నోట 'మన' అనే మాట! కళ్ళు తుడుచుకుంటూ అక్కడే, ఆ హారన్ల గోలలోనే, బడికి ఫోన్ చేసి జూన్‌లో రానని చెప్పేశాను.

మావాడు నా సంచిలో టేపు లాగి తన పొద చుట్టూ చుట్టుకున్నాడు. "నాకూ కుట్టుమా!"

"ముందు గుండు కానీ నాయనా," అన్నాను. "అప్పుడు కొలుస్తా."