బ్రేకు వైర్లకు కట్టిన నిమ్మకాయ

రోజూ వినిపించే కీచుమనే చప్పుడు ఆ సాయంత్రం వినిపించలేదు.

మా ఇల్లు కొండవాలు మీద ఉంది. మా బాబు తన బీఎంఎక్స్ సైకిలు మీద పై వీధి నుంచి దిగుతూ, సరిగ్గా మా మేడ కిందికి వచ్చేసరికి బ్రేకు నొక్కుతాడు. ఆ కీచు వింటే చాలు, వాడు మలుపు దగ్గరికి వచ్చాడని వంటింట్లో ఉన్న నాకు తెలిసిపోతుంది. ఆ శనివారం చపాతీలు ఒత్తుతున్నాను. చక్రం టిక్కుటిక్కుమంటూ దగ్గరైంది, మేడ కిందికి వచ్చింది, దాటిపోయింది. కీచు లేదు. అప్పడాల కర్రతోనే బాల్కనీలోకి పరిగెత్తాను.

వాలు చివర పెద్ద రోడ్డు. హార్బరు లారీలు, సిటీ బస్సులు ఆగకుండా తిరిగే రోడ్డు అది. బాబు రెండు చెప్పులూ నేలకు రాస్తున్నాడు. వెనక చక్రం ఇరుసుకు బిగించిన గొట్టాల మీద నిలబడి, అన్న భుజాలు పట్టుకుని మా పాప. అది నవ్వుతోంది. అన్న ఆట ఆడుతున్నాడనుకుంది.

రోడ్డుకు కాస్త ముందు ఎవరో ఇల్లు కడుతున్నారు. వాళ్ళ ఇసక కుప్పలోకి వాడు హ్యాండిలు తిప్పేశాడు.

నేను వెళ్ళేసరికి పాప ఇసక ఉమ్ముతూ, "మల్లీ సేద్దామా అన్నయ్యా?" అంటోంది. వాడి మోచెయ్యి గీరుకుపోయింది. అంతకంటే దెబ్బలు లేవు. కానీ వాడి ముఖం మాత్రం తెల్లబోయి ఉంది.

"అమ్మా, నాను నొక్కినాను. ముందుది టప్పుమని తెగిపోనాది. ఎనకది కదల్లేదు."

సైకిలును ఈడ్చుకుంటూ పైకి తెచ్చి, మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన పోర్టులో క్రేన్ల ఇనుప తాళ్ళు తనిఖీ చేసే పనిలో ఉన్నారు.

"వచ్చేటప్పుడు గొలుసు, తాళం తెండి. ఈ సైకిలుకు తాళం వేసేస్తాను. పెద్దయ్యాక తీస్తాను."

"ఎంత పెద్దయ్యాక?"

"పెళ్ళయ్యాక."

"ఆడి పెళ్ళానికి ఏటి సెప్తావే, సైకిలు తాళం నా దగ్గరుందనా?" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఎండ పోకముందే వచ్చారు. టిఫిను సంచీలోంచి చుట్టచుట్టిన రెండు కొత్త బ్రేకు వైర్లూ, వాటికి నల్ల తొడుగూ తీసి గట్టు మీద పెట్టారు.

"తాళం ఏదండీ?"

"కొట్లో అయిపోనాయంట." చెంబెత్తి గటగటా నీళ్ళు తాగారు. అబద్ధం ఆడినప్పుడల్లా ఆయనకు దాహం వేస్తుంది. తాగాక పానా నా చేతికిచ్చారు. "నువ్వే మార్సు. నాను మారిస్తే నువ్వు నమ్మవు. రోజూ బాల్కనీలో నిలబడి గుండె పట్టుకుంటావు."

మెట్ల దగ్గర సైకిలును తలకిందులుగా నిలబెట్టాం. మగరాయుడిలా కూర్చోకు అని మా అమ్మ తిట్టే భంగిమలో నేను చక్రం పక్కన కూర్చున్నాను. బాబు దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తాళమా, వైరా అన్నది ఇంకా తేలలేదని వాడికి తెలుసు.

హ్యాండిలు మధ్యలో రెండు వైర్లూ కలిసేచోట నల్ల దారం ముద్ద ఒకటి ఉంది. అది నేను కట్టిందే. దసరాకు బండ్లకు పూజ చేసినప్పుడు దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి అక్కడ కట్టాను. అప్పటినుంచీ శనివారం శనివారం కొత్త కాయ కడుతూ వచ్చాను. ఊగి ముళ్ళు వదులవుతాయేమోనని పాత దారం విప్పకుండా దాని మీదే ఇంకా బిగించి కట్టేదాన్ని.

కత్తెరతో ఆ ముద్ద కోశాను. కింద తొడుగు నలిగి చీలిపోయి ఉంది. చీలికలో ఎండిన నిమ్మ రసం, తుప్పు. ఒక వైరు సరిగ్గా అక్కడే తెగింది. రెండోది తుప్పుతో తొడుగుకు అతుక్కుపోయింది.

మా ఆయన వంగి చూశారు. "సముద్రం గాలి సాల్లేదని ఉప్పుకి పులుపు కూడా కలిపినావా? బీఎస్సీ కెమిస్ట్రీ సదివినావు కదే!"

చేతిలో తుప్పు పొడి చూస్తూ కూర్చున్నాను. ఆయన గొంతు తగ్గించి, "మా క్రేనుకీ కడతారు నిమ్మకాయ. కానీ తాడుకి కట్టరు, కేబిను కిటికీకి కడతారు. లే, కొత్తది ఎక్కించు," అన్నారు.

ముందు పాత గుడ్డ ఇచ్చి, కొత్త వైరును దాంతో మెల్లగా నిమరమన్నారు. పోగు ఎక్కడైనా తెగి ఉంటే గుడ్డకు పట్టుకుంటుందట. క్రేను తాళ్ళనూ అలాగే చూస్తారట. ఎక్కడా పట్టుకోలేదు. వైరు చివరి గుండును బ్రేకు పిడి గాడిలో కూర్చోబెట్టి, రెండు చుక్కలు నూనె వేసి, తొడుగులోంచి కిందికి లాగాను. మా ఆయన బ్రేకు రబ్బర్లు గరుకు కాగితంతో రుద్ది, రెండింటినీ రిమ్ముకు నొక్కి పట్టుకున్నారు. నేను వైరు బిగలాగి నట్టు బిగించాను.

"ఇప్పుడు గట్టిగా నొక్కు. ఇంకా. కొత్త వైరు సాగుతాది. సాగింతర్వాత మల్లీ బిగించు."

నొక్కాను, విప్పాను, బిగించాను. చక్రం తిప్పితే ఎక్కడా రాసుకోలేదు. నొక్కితే రాయిలా నిలబడింది. వెనకదీ అలాగే చేశాను. అప్పుడు నాకే అనుమానం వచ్చి బాబును పిలిచాను. వాడు నొక్కితే చక్రం ఆగీ ఆగనట్టు జారింది. వాడి చిన్న వేళ్ళు పిడి చివరిదాకా అందడం లేదు. అప్పటిదాకా నా చేత్తోనే సరిచూస్తున్నాను. పిడి పక్కనున్న చిన్న మరను మా ఆయన తిప్పి, పిడిని హ్యాండిలుకు దగ్గర చేశారు. వైరు మళ్ళీ సరిచేశాను. వాడు నొక్కాడు. నిలబడింది.

"తాళం వేత్తావా అమ్మా?" అన్నాడు, పిడి వదలకుండా.

"పొద్దున్న చెప్తాను," అన్నాను.

పొద్దున్న పిల్లలిద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. "తాళం లేదు. కానీ ఎక్కేముందు రెండు బ్రేకులూ నొక్కి బండిని తోసి చూడాలి. చక్రం కదిలిందా, బండి ఇంట్లోనే. చెల్లి నిలబడే గొట్టాలు విప్పేశాను. బ్రేకు ఇప్పుడు కీచుమనదు కాబట్టి మేడ కిందికి రాగానే గంట కొట్టు, నాకు వినబడాలి. సైకిలుకు ఇంక ఏదీ కట్టను. దిష్టి చుక్క మీకే పెడతాను, కాళ్ళు చాపండి."

"వద్దమ్మా, అందరూ నవ్వుతారు," అన్నాడు వాడు.

"అరికాలికి పెడతాను, ఎవరికీ కనబడదు. ఆ కాళ్ళతో మాత్రం బ్రేకు వెయ్యకు నాన్నా, చేతులతో వెయ్యి."