ట్రాలీ లాగే జీపుకు కొత్త టైర్లు

తెలంగాణ వేరుపడిన ఏడాది, ఎండాకాలం చివర్లో మా జీపు టైర్లు అరిగిపోయాయి. దాని వెనక జనరేటర్ ట్రాలీ తగిలించుకుని, తెలంగాణ సరిహద్దు దాటితే వచ్చే రాజురా అవతల గుట్టల్లోని ఊళ్లకు పెళ్లి లైట్లు తీసుకెళ్లడం మా పని. ఒకరోజు అకాల వానకు తడిసిన దిగుడు రోడ్డు మీద బ్రేకు వేస్తే జీపు ఆగలేదు. వెనకనుంచి ట్రాలీ నెట్టుకొచ్చింది. పక్కనున్న మట్టి గట్టుకు గుద్దుకుని ఆగాం. నా భార్య కూడా బండిలోనే ఉంది. అప్పటినుంచి దిగుడు రోడ్డు వస్తే చాలు, గేరు తగ్గించి నడక వేగంతో నడిపేవాణ్ని.

పట్నంలోని బాబుపేట్ బస్తీలో, అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల టైర్ల దుకాణానికి ఇద్దరం వెళ్లాం. నేను లోతైన గాళ్లున్న బురద టైర్లు చూపించాను.

"ఇవైతె ఎంత బురదలనైన గుంజుతయన్నా," అన్నాడు దుకాణదారు.

"మరి తడిసిన డాంబర్ రోడ్డు మీద?" అని నా భార్య అడిగింది.

"గక్కడ జర జారుతయి వదినా. ఎనక ట్రాలీ ఉంటె ఇంకింత కష్టం."

ఆమె నావైపు తిరిగింది. "బురదల ఇరికితె ఎవలనన్న పిలిచి గుంజిపిచ్చుకుంటం. ఆగకుంటె ఏం జేస్తం?"

రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే, బరువు తట్టుకునే టైర్లే వేయించాం.

వానలు పడ్డాక, సీజనులో ఆఖరి పెళ్లికి పోతూ గుట్ట దిగుతుంటే మలుపులో మేకల మంద అడ్డొచ్చింది. బ్రేకు తొక్కాను. ట్రాలీ ఒక్క కుదుపు కుదిపింది, కానీ జీపు నిలబడింది. మేకలన్నీ దాటిపోయినా నేను బ్రేకు మీది కాలు తీయలేకపోయాను.

"ఇగ నడువు," అంది నా భార్య మెల్లగా.