శ్రీ తర్వాత ఏముంది

నాకు కళ్లు కనబడవు. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోని వెళ్లి ఒక జిన్నింగు మిల్లు ఆఫీసులో పనిచేసేవాడిని. పత్తి ఎప్పుడు తేవాలో, ఎప్పుడు తేకూడదో కోసిగి, నందవరం రైతులకు ఫోన్ చేసి చెప్పడం నా పని. ఏ కబురైనా ఎవరో ఒకరు నోటితో చెప్పేవాళ్లు. ఎనిమిదేళ్లు ఎవరి చేతా మాట పడకుండా చేశాను.

నిరుడు ఆఫీసుకు ఒక వెబ్‌సైటు పెట్టారు. ఇకమీదట ఏ కబురైనా అందులోనే అన్నారు. నా కంప్యూటరు తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది కాబట్టి నేనూ సంబరపడ్డాను. తీరా చూస్తే మావాళ్లు అక్షరాలు కొట్టరు. పాత అలవాటుగా చేత్తో చీటీ రాసి, దాన్ని ఫొటో తీసి పెడతారు. నా కంప్యూటరు "ఫొటో" అని ఊరుకుంటుంది. ఇక రోజంతా "అన్నా, ఇందులో ఏముంది? అక్కా, రవ్వంత చదువుతావా?" అని బతిమాలుకోవడమే. అడిగి అడిగి నా గొంతంటే నాకే విసుగు పుట్టింది.

సైటు చేసిన బెంగళూరు అతనికి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాను. మంచివాడు. ఫొటో కింద ఒక గడి పెట్టి, అందులో ఏమున్నదో రాస్తే తప్ప ఫొటో ఎక్కకుండా చేశాడు. మర్నాడు చెవులు రిక్కించి విన్నాను. "ఫొటో. శ్రీ." ఆ తర్వాతది, "ఫొటో. శ్రీ." అన్నీ శ్రీలే. ఇక్కడి వ్యాపారస్తులకు ఏ కాగితమైనా పైన శ్రీ రాయందే మొదలవదు. గడి ఖాళీగా ఉండకూడదన్నారు కదా, శ్రీ రాసి చేతులు దులుపుకున్నారు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అలాంటి ఒక శ్రీ కింద, మిషను చెడిపోయింది, రేపు బండ్లు వద్దు అని ఉందట. ఆ రోజు అప్పటికే అందరినీ విసిగించి ఉన్నాను. ఇంకోసారి అడగడానికి మొహం చెల్లక, ఎప్పటిలాగే రమ్మని ఫోన్లు చేశాను. మర్నాడు కోసిగి ట్రాక్టర్లు గేటు ముందు ఎండలో నిలబడ్డాయి. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "పని లేక వచ్చినామనుకుంటివా అప్పా?" అన్నాడు. మా మిల్లు యజమాని, సావుకారు, నన్ను పిలిచి, ఇంకొక్క తప్పు జరిగితే ఫోన్ల పని వేరేవాళ్లకిస్తానన్నాడు.

ఎక్కువ చీటీలు రాసే గుమాస్తా దగ్గరికి వెళ్లాను.

"అన్నా, శ్రీ ఒక్కటే రాస్తే నాకేం తెలుస్తాది?"

"మొదల శ్రీ రాయకుండా ఎట్లప్పా?"

"శ్రీ రాయన్నా. దాని వెనక చీటీలో ఉండేది కూడా రాయి."

"నాకు తోచనే లేదప్పా" అన్నాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది.

అప్పటి నుంచి ఆయన ఒంటి వేలితో ఒక్కో అక్షరం కొట్టి రాసేవాడు. మిగతావాళ్ల శ్రీలు మాత్రం శ్రీలుగానే ఉండిపోయాయి. వాటిలో ఒకదాని వల్లే నా రెండో తప్పు జరిగింది.

రెండు రోజులకు గుమాస్తా పెట్టిన చీటీ విన్నాను. "ఫొటో. శ్రీ. ఇది నీకొద్దులేప్పా."

లేచి ఆయన బల్ల దగ్గరికి పోయాను. "చీటీలో ఉండేది రాయలేదేమన్నా?"

"రాసేదానికి చెయ్యి రాలేదప్పా."

"ఇది కూడా రాయాల కదన్నా."

నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. ఆయన వేలు చాలాసేపు టక్కుటక్కుమంది. ఆ తర్వాత కంప్యూటరు ఎప్పటి గొంతుతోనే చదివింది. "శ్రీ. రేపటి నుంచి రైతులకు ఫోన్లు చేసే పని కొత్తగా వచ్చిన ఆయమ్మకు." ఒక్క అక్షరం వదలకుండా రాశాడు. ఎవరినీ అడగకుండా చదువుకున్నాను.