సగంలో ఆగిన గీత

మా బావ అద్దాల కొట్టులో ఒక చట్టం ఉంది. ఆయన గాజు పలక మీద కట్టర్ పెట్టి గీత మొదలుపెడితే, కొట్టులో ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబట్టాలి. కొనడానికి వచ్చినవాడైనా సరే, కట్టుకున్న పెళ్లామైనా సరే. గీత చివరిదాకా వెళ్లాక ఆయన "అయింది" అంటాడు. అప్పుడు అందరం ఊపిరి వదులుతాం. ఒకసారి మధ్యలో నేను తుమ్మితే, "మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా" అన్నాడు. ఊపిరికీ గాజుకీ సంబంధమేమిటని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

అంతటి మొండిమనిషి ఇంటి మెట్ల మీద గుండె పట్టుకుని కూలబడ్డాడు. గుండెకు రక్తం అందించే నాళం ఒకటి పూర్తిగా పూడుకుపోయిందని పరీక్షల్లో తేలింది. ఎప్పటినుంచో పూడి గట్టిపడిందట. మొదటి ఆసుపత్రిలో రొమ్ము కోసి ఆపరేషన్ చేయాల్సిందే అన్నారు. రెండోచోట డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం చేసి, అందులోంచి సన్నటి తీగను గుండెదాకా పంపి, ఆ అడ్డులోంచి దారి చేస్తుందట.

"కుదరకపోతే ఆపరేషనే. తీగ పక్కకి పోయి నాళం గోడ చీలితే ప్రాణానికే ప్రమాదం. ముందే చెప్తున్నా" అంది.

"ఎడం చెయ్యి తీసుకోండమ్మా" అన్నాడు బావ. కుడిది కట్టర్ పట్టే చెయ్యి మరి, దానికేమైనా అవుతుందేమోనని భయం.

ఆమె ఎడమ మణికట్టు నొక్కి చూసి తల అడ్డంగా ఊపింది. కుర్రతనంలో పగిలిన పలక దిగబడి అక్కడి నాడి ఏనాడో తెగిపోయింది.

బావ కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ప్రాణం మీదికి వస్తే చెయ్యి గురించి బేరమా? కానీ ఆ చెయ్యి లేకపోతే ఆయన ఏమైపోతాడో నాకూ తెలుసు. చివరికి అక్క వైపు చూసి "కానివ్వండి" అన్నాడు.

లోపలికి తీసుకెళ్లాక అక్క గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే వినదు. నేను బల్ల మీద కూర్చుని తలుపునే చూస్తున్నాను. ఉన్నట్టుండి లోపల ఏదో యంత్రం గీపెట్టడం మొదలుపెట్టింది. తలుపు తోసుకుని నర్సు బయటికొచ్చింది.

"ఈయనకి ఊపిరాగే జబ్బేమైనా ఉందా? మెలకువగానే ఉన్నారు. తియ్యమంటే ఒక్కసారి తీసి మళ్లీ ఆపేస్తున్నారు. ఆక్సిజన్ పడిపోతోంది. తీగ అడ్డులో సగందాకా వెళ్లింది, డాక్టరుగారు కదపలేకపోతున్నారు."

నేను భయంతో లేచి నిలబడ్డాను. అక్క మొహం మాత్రం కోపంతో ఎర్రబడింది.

"ఆ తీగ ఆయనకి కనబడుతోందా?"

"ఎదురుగా తెర మీద కనబడుతోంది."

"ఇంకేం, కొట్టులో ఉన్నాననుకుంటున్నారు. కళ్లముందు గీత సాగుతుంటే ఆయన ఊపిరి తియ్యరమ్మా. తెర అటు తిప్పెయ్యండి. గట్టిగా 'అయింది' అనండి. ఆ మాటకే వదుల్తారు."

నర్సు వింతగా చూసి లోపలికి పరుగెత్తింది. తలుపు మూసుకునేలోపు ఆమె గొంతు వినబడింది. "అయింది." కాసేపటికి యంత్రం అరుపు ఆగింది. అది మంచికో చెడుకో మాకు తెలియదు.

ఎంతసేపటికో డాక్టరమ్మ వచ్చింది. "దారి దొరికింది. స్టెంట్ పెట్టాం, రక్తం బాగా పారుతోంది" అంది. అక్క అక్కడే నేల మీద కూలబడి బావురుమంది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు?

మణికట్టుకి బిగుతు పట్టీతో పడుకున్న బావ మమ్మల్ని చూడగానే కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ఆడించి చూపించాడు.

డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ కొట్టు తెరిచాడు. ఆ పూట అక్క కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. బావ పలక పరిచి, కొలిచి, కట్టర్ పెట్టాడు. అలవాటుగా అందరం బిగుసుకుపోయాం. కిర్రుమంటూ సాగిన చప్పుడు సగంలో ఆగిపోయింది. గీత మధ్యలో ఆపితే పలక పాడైనట్టే. బావ ఎన్నడూ అలా ఆపలేదు.

చూస్తే, కట్టర్ పక్కన పెట్టి ఆయన గుమ్మం వైపు చూస్తున్నాడు. అక్క ఊపిరి బిగబట్టి, ఆయన రొమ్ము మీదే కళ్లు పెట్టి నిలబడి ఉంది.

"అయిందే. ఊపిరి తీసుకో" అన్నాడు బావ.

ఆ పలకను ఆయన పారేయలేదు. సగం గీతతో ఇప్పటికీ కొట్టు గోడకు ఆనించి ఉంది.