తుమ్మచెట్టు మీది కందిరీగలు

నావల్ల పోయిన ఒక మనిషి మంచిపేరును ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

చిలకలూరిపేట వైపు మా ఊరి కుంటలో, నీళ్ల మీదికి వంగిన తుమ్మచెట్టు ఉండేది. వానాకాలంలో దానికి గిజిగాళ్లు గూళ్లు కట్టేవి. వాటి మధ్యే కందిరీగల పట్టు. కుంటలో చేపలకు మా నాన్న పెట్టిన కాపలామనిషి ఏసోబు. గూళ్ల మీద ఎవరు రాయి విసిరినా ఊరుకునేవాడు కాదు.

తొంభైల చివర్లో ఒక ఏడు పత్తికి పురుగు పట్టింది. మందులో కలిపే నీళ్లు ఆ తుమ్మ కిందే ముంచుకోవాలి. అలా వంగినప్పుడు కందిరీగ నా కంటి మీద కుట్టింది. ఏసోబు నవ్వాడు.

"ఏం చిన్నబాబూ, ఈ మొహంతో పెళ్లిచూపులకెళ్తారా?"

"రేపు ఆ పట్టు లేపేస్తా చూడు."

అతని నవ్వు ఆగింది. "వాటి జోలికి పోమాకండి. అవి ఉండబట్టే కాకి ఆ కొమ్మ మీద వాలట్లేదు. పిట్టలు చూసుకునే కట్టుకున్నాయి."

"పిట్టలకంత తెలివా?"

"మనకంటే నయం బాబూ."

నాకు రోషం వచ్చింది. కుట్టినందుకా? కూలిమనిషి నాకు చెప్పినందుకా? మర్నాడు పొద్దున్నే, అతను టీకి వెళ్లిన వేళ, స్ప్రేయర్‌లో మిగిలిన పత్తిమందు పట్టు మీద కొట్టాను. కందిరీగలు జలజలా రాలాయి. గూళ్ల మీద చుక్క పడకుండా జాగ్రత్తపడ్డాను కూడా. పిట్టలకు నేనేం చేయలేదని నాకు నేను చెప్పుకోవడానికి అది చాలింది.

మూడోనాటికి గూళ్లన్నీ చీలి ఉన్నాయి. ఒక్క పిల్ల మిగల్లేదు.

"కాకులయ్యా," అన్నాడు ఏసోబు మా నాన్నతో.

"ఇన్నేళ్లు రాని కాకులు ఇప్పుడెందుకొచ్చాయిరా? పిల్లల్ని కాల్చుకుతిని కాకుల మీద పెడతావా?"

"కందిరీగలు లేవయ్యా. ఎవరో..." ఆగిపోయి నా వైపు చూశాడు. నా కంటి వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. నేను చెబుతానని ఎదురుచూశాడా, చెప్పినా తన మాట ఎవరూ నమ్మరని ఆగాడా, ఇప్పటికీ తెలియదు. నేను తల దించుకున్నాను. పిట్టల్ని తిన్నవాడు చేపల్ని వదులుతాడా అంటూ నాన్న అతణ్ని ఆ పూటే పొమ్మన్నాడు.

ఏసోబు పిడుగురాళ్ల సున్నపుబట్టీల్లో పనికి కుదిరి, కొన్నేళ్లకు అక్కడే పోయాడు. నాన్నా పోయాడు. మా ఊళ్లో నమ్మరాని మనిషికి ఏదైనా అప్పగిస్తే ఈనాటికీ "ఏసోబు కాపలా" అంటారు. ఆ మాటకు అందరితో కలిసి నేనూ నవ్వాను. మందు కొట్టినదానికంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ తింటోంది.

గూళ్ల జోలికి ఏసోబు పోలేదు. కందిరీగల్ని చంపి కాకులకు దారిచ్చింది నేను. నా పేరు రాయలేదు కానీ, మా ఊరివాళ్లు చదివితే ఎవరో ఇట్టే పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి.